రంగం కథ – 3వ భాగం: శత్రుశేషం లేని ఊరు

కిందటి భాగాన్ని అవా పతనంతో ఆపాం. దక్షిణాదిన, సముద్రానికి దగ్గరగా ఉండే మోన్లు 1740లో బర్మీయ పాలకుల మీద తిరగబడి, హంసావతి రాజధానిగా తమ రాజ్యాన్ని మళ్ళీ నిలబెట్టుకున్నారు. పాత ఓడసరుకుల లెక్కల్లో పెగూ అని కనబడేది ఈ హంసావతే. పన్నెండేళ్ళ పోరు తర్వాత, 1752 మార్చిలో, వాళ్ళ సైన్యం ఐరావతి వెంబడి ఉత్తరానికి వెళ్ళి బర్మీయుల రాజధాని అవాను పట్టుకుంది. రాజును కుటుంబంతో సహా బందీగా పెగూకు తెచ్చింది. ఇక బర్మీయుల పని అయిపోయిందని అందరూ అనుకున్నారు.

మోన్లూ అలాగే అనుకున్నారు. వాళ్ళ యువరాజు పెద్ద సైన్యాన్ని వెంటబెట్టుకుని దక్షిణానికి వెళ్ళిపోయాడు. తూర్పునున్న సయాం ఏ క్షణాన మీద పడుతుందోనన్న బెంగ ఆయనది. ఉత్తరాదిన మిగిలిన ఊళ్ళచేత విధేయతా ప్రమాణాలు చేయించే పనిని తలబాన్ అనే సేనానికి అప్పగించి, కొద్దిపాటి బలగాన్ని మాత్రం అక్కడ వదిలాడు. ఆ పని మొక్సోబో అనే పల్లె దగ్గర ఆగిపోయింది.

మొక్సోబో అవాకు ఉత్తరాన, వాన తక్కువ పడే మెట్టప్రాంతంలో ఉంది. ఊరి పెద్ద పేరు ఔంగ్ జేయా. అప్పటికింకా నలభై నిండని మనిషి. ప్రమాణం చేయమని వచ్చిన మోన్ సిపాయిలను ఆయన తరిమికొట్టాడు. చుట్టుపక్కల 46 ఊళ్ళను కూడగట్టాడు. ఆ మెట్టనేలలో పుష్కలంగా దొరికేది తాటిచెట్టు. తాళ్ళు నరికించి, దుంగలు బారుగా పాతించి కోట కట్టాడు. బయట శత్రువుకు నీడగానీ నీళ్ళుగానీ దొరక్కుండా పొదలు కొట్టించాడు, చెరువులు పాడుచేయించాడు, బావులు పూడ్పించాడు. అవా ఇంకా పడిపోకముందే, ఫిబ్రవరి 29న, తానే రాజునని ప్రకటించుకున్నాడు. చరిత్ర ఆయన్ని అలౌంగ్‌పయా అని పిలుస్తుంది. కాబోయే బుద్ధుడని దానికి అర్థం. ఒక ఊరిపెద్ద తనను తాను అలా పిలిపించుకున్నాడంటే, రాజవంశం లేని లోటును ఏ పేరుతో పూడ్చుకోవాలో ఆయనకు బాగా తెలుసన్నమాట.

పేర్ల సంగతిలో అలౌంగ్‌పయా చూపిన శ్రద్ధ ఈ కథకు ముఖ్యం. సొంత పల్లె మొక్సోబో ష్వేబో అయింది. ష్వే అంటే బంగారం. 1754 జనవరిలో అవాను తిరిగి పట్టుకున్నాక, మరుసటి ఏడు ఐరావతి ప్రవాహంతోపాటు పడవల మీద దక్షిణానికి దిగాడు. లున్‌సే అనే ఊరు చిక్కగానే దాని పేరు మ్యానౌంగ్ అని మార్చాడు. త్వరగా వచ్చిన గెలుపు అని. ఊరు గెలవడం, గెలుపును ఊరికి పేరుగా పెట్టడం ఆయనకు ఒకే పని. ఆ పేరు పలికిన ప్రతివాడూ, గెలిచినవాడైనా ఓడినవాడైనా, ఆయన విజయాన్ని చాటవలసిందే.

1755 మే మొదటివారంలో ఆయన పడవలు దగోన్ రేవుకు చేరాయి.

దగోన్ అప్పటికి పెద్ద పట్నమేమీ కాదు. నది ఒడ్డున ఓ రేవు, బెస్తల ఇళ్ళు, యాత్రికుల సత్రాలు. దాని గొప్పతనమంతా ఊరి వెనకనున్న గుట్ట మీద ఉంది. అక్కడ మెరిసే బంగారు స్తూపమే ష్వేడగోన్. మోన్లు దాన్ని క్యైక్ లగున్ అంటారు. తపుస్స, భల్లిక అనే ఇద్దరు అన్నదమ్ములు, వర్తకులు, బుద్ధుడికి తొలి భిక్ష ఇచ్చి, ఆయన ఎనిమిది తలవెంట్రుకలు ప్రసాదంగా తెచ్చి ఇక్కడ నిక్షేపించారని ఐతిహ్యం. 15వ శతాబ్దంలో షిన్ సా బూ అనే మోన్ రాణి తన బరువుకు సమానంగా బంగారం తూచి ఈ స్తూపానికి రేకు తాపడం చేయించింది. రాజ్యభారం దించుకున్నాక పెగూలో ఉండకుండా ఇక్కడికే వచ్చి, స్తూపం కనబడేచోట చివరి రోజులు గడిపింది. మోన్లకు దగోన్ అంటే ఆ రాణి, ఆ గుట్ట, ఆ తీర్థం.

అలౌంగ్‌పయా ముందుగా గుట్ట ఎక్కి స్తూపానికి పూజలు చేశాడు. ఆ తర్వాత ఊరికి కొత్త పేరు పెట్టాడు. అందులో రెండే మాటలు. మొదటిది పగ, శత్రుత్వం. రెండోది అయిపోవడం, నిండుకోవడం. పగ తీరిన చోటు. మనవాళ్ళు రుణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచకూడదంటారు కదా, ఆ మూడోది లేకుండా పోయిన ఊరు. పుస్తకాల్లో దీనికి కలహాంతం, శాంతినగరం వంటి మెత్తని అర్థాలు రాస్తుంటారు. పేరు పెట్టినవాడి చేతిలో కత్తి ఉందనీ, ఎదుటి ఒడ్డున శత్రువు ఇంకా బతికే ఉన్నాడనీ గుర్తుంచుకుంటే అవి సరిపోవు. పెగూ ఇంకా పడలేదు. పగ తీరలేదు. తీరబోతోందని ముందే ప్రకటించాడు.

ఎదుటి ఒడ్డున అంటే సిరియం. దగోన్ ఎదురుగా పెగూ నది మీదున్న ఆ పట్నమే ఆ రోజుల్లో దక్షిణ బర్మాకు అసలైన ఓడరేవు. పరదేశి వర్తకులంతా అక్కడే ఉండేవారు. అందులో ఫ్రెంచివాళ్ళది పైచేయి. పాండిచ్చేరి నుంచి డూప్లే పంపిన బ్రూనో అనే దూత మోన్ రాజు బిన్న్యా దలాకు దగ్గరవాడై, ఫిరంగులూ మనుషులూ తెప్పిస్తానని మాటిచ్చాడు. ఫ్రెంచివాళ్ళు ఒక చోట అడుగుపెడితే ఇంగ్లీషువాళ్ళు ఊరుకుంటారా? 1753లోనే కంపెనీ మనుషులు ఐరావతి ముఖాన ఉన్న నెగ్రాయిస్ దీవిని ఆక్రమించి కూర్చున్నారు.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక్కసారి తేదీలు చూసుకోవాలి. ఇదే 1753లో డూప్లే సేనాని బుస్సీ నిజాం దగ్గర ఉత్తర సర్కారులను సంపాదించాడు. శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా మన తీరం ఫ్రెంచివాళ్ళ చేతికి వెళ్ళింది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. అదే ఏడు మే నెలలో పెగూ కూలింది. జూన్ 23న ప్లాసీ. బంగాళాఖాతానికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా స్థానిక రాజుల పాత పగల్లోకి అవే రెండు కంపెనీలు దూరి, ఎవరి పక్షాన్ని వాళ్ళు ఎంచుకుంటున్నాయి. బొబ్బిలి కథను విజయనగరం, బొబ్బిలి సంస్థానాల పంతంగా మాత్రమే చెప్పుకునే మనం దాన్ని ఈ పెద్ద చిత్రంలో పెట్టి చూడడం తక్కువ. చూస్తే పెగూ మనకు అంత దూరంగా ఉండదు.

సిరియం ముట్టడి ఏడాదికి పైగా నలిగింది. ఇంగ్లీషువాళ్ళు ఇద్దరితోనూ మంచిగా ఉన్నట్టు నటించారు. కొత్త రేవులో నిలిచిన ‘ఆర్కాట్’ అనే కంపెనీ ఓడ బర్మీయులకు స్నేహం చెబుతూనే, మోన్లు దాడికి వచ్చినప్పుడు వాళ్ళతో చేయి కలిపింది. అలౌంగ్‌పయా ఆ సంగతి మరిచిపోలేదు. అయినా ఫిరంగుల అవసరం ఆయన్ని సంయమనంతో ఉంచింది. 1756 మే నెలలో ఇంగ్లండు రాజు రెండో జార్జికి నేరుగా ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. పలచగా సాగగొట్టిన మేలిమి బంగారు రేకు, దాని మీద గుండ్రటి బర్మా అక్షరాల వరుసలు, రెండు అంచుల్లో పొదిగిన 24 కెంపులు. దాన్ని చుట్టచుట్టి ఏనుగుదంతపు గొట్టంలో పెట్టి పంపారు. సముద్రాలు దాటి లండన్ చేరేసరికి దాదాపు రెండేళ్ళయింది. అందులో బర్మా రాజు కోరిందల్లా స్నేహం, వ్యాపారం. జార్జి దాన్ని తన సొంత ఊరు హనోవర్‌లోని గ్రంథాలయానికి విచిత్ర వస్తువుగా పంపించేశాడు. జవాబు రాయలేదు. 21వ శతాబ్దంలో ఒక పరిశోధకుడు చదివి చెప్పేదాకా అదేమిటో అక్కడివాళ్ళకు సరిగ్గా తెలియదు. తర్వాత యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఒక రాజు ఇంకో రాజుకు సమానుడిగా రాసిన మాట రెండున్నర శతాబ్దాలపాటు చదవకుండా పడి ఉందంటే, ఆ తర్వాత జరిగిన మూడు యుద్ధాలకు కారణాలు వెతికేవాళ్ళు ఆ గొట్టం నుంచి మొదలుపెట్టవచ్చు.

జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చునే మనిషి కాదు అలౌంగ్‌పయా. 1756 జూలైలో, జోరువాన కురుస్తున్న రాత్రి, ప్రాణాలకు తెగించిన 93 మంది సిరియం గోడలెక్కి లోపల దిగారు. తెల్లారేసరికి ఊరు బర్మీయులది. బ్రూనో దొరికిపోయాడు. సాయంగా రావలసిన ఫ్రెంచి ఓడ కొద్ది రోజులు ఆలస్యంగా నదీముఖానికి వచ్చింది. బ్రూనోచేతే ఉత్తరం రాయించి దాన్ని లోపలికి రప్పించి పట్టుకున్నారు. అందులోని ఫిరంగులూ తుపాకులూ, వాటిని పేల్చడం తెలిసిన ఫ్రెంచి సైనికులూ ఒక్క దెబ్బకు చిక్కారు. బ్రూనోను చంపించాడు. మిగతావాళ్ళను కొలువులోకి తీసుకుని, ఉత్తరాదిన భూములిచ్చి స్థిరపరిచాడు. వాళ్ళ సంతతి కేథలిక్ పల్లెల్లో ఇవాళ్టికీ ఉంది.

ఆ ఫిరంగులతోనే పెగూ పడింది. 1757 మేలో హంసావతి వీధుల్లో జరిగిన ఊచకోతను వర్ణించబోను. బతికిన మోన్లలో వేలమంది సయాంకు వలసపోయారు. మోన్ రాజ్యం మళ్ళీ లేవలేదు. ఇంగ్లీషువాళ్ళ వంతు 1759 అక్టోబరులో వచ్చింది. మోన్ తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చారన్న అనుమానంతో నెగ్రాయిస్ స్థావరాన్ని బర్మీయులు తుడిచిపెట్టారు. మరుసటి ఏడే, సయాం రాజధాని అయోధ్యను ముట్టడించి తిరిగివస్తూ, దారిలో అలౌంగ్‌పయా చనిపోయాడు.

పేరులో ప్రకటించిన పని మాత్రం ఇంకొంచెం మిగిలింది. ఓడిన బిన్న్యా దలాను బర్మీయులు చంపలేదు. ఏళ్ళ తరబడి బందీగా ఉంచారు. 1768 భూకంపంలో ష్వేడగోన్ మీది ఛత్రం కూలింది. అలౌంగ్‌పయా కొడుకు షిన్‌బ్యూషిన్ స్తూపాన్ని ఇప్పుడున్న ఎత్తుకు పెంచి, కొత్త ఛత్రం ఎత్తడానికి 1774 చివర్లో పెద్ద బలగంతో దిగివచ్చాడు. పూజలు, దానాలు జరిగాయి. ఆ రాకలోనే వృద్ధుడైన మోన్ రాజును జనం చూస్తుండగా చంపించారు. మోన్లలో ఆశ మిగలకూడదని. శత్రుశేషం అన్న మాట నేను అలంకారానికి వాడలేదు.

ఇక్కడినుంచి ఊరి కథ రేవు కథ అవుతుంది. సిరియం పాడుబడింది. ఓడలన్నీ ఇటు తిరిగాయి. 1795లో కంపెనీ రాయబారిగా వచ్చిన మైకేల్ సైమ్స్ రాసిన వివరాలు చదివితే ఊరు కళ్ళకు కడుతుంది. సుమారు 5,000 ఇళ్ళు, 30,000 జనం. చుట్టూ టేకు దుంగల ప్రహరీ. స్తంభాల మీద లేపిన కర్ర ఇళ్ళు, వెదురు తడికలు. ఆ ఇళ్ళ కింద పందులూ కుక్కలూ యథేచ్ఛగా తిరుగుతూ చెత్తంతా తినేవి. రేవులోకి వచ్చిన పరాయి ఓడ ఫిరంగులు దించి, చుక్కాని ఊడదీసి అధికారులకు అప్పగించాలి. సుంకం కట్టి, కానుకలు ఇచ్చి, సెలవు దొరికాకే చుక్కాని తిరిగి చేతికొచ్చేది. ఓడ నాయకులకు ఇంతకు మించిన కంటగింపు లేదు. అయినా వచ్చేవారు. కారణం టేకు. నది మీద తెప్పలుగా కట్టి తెచ్చిన దుంగలతో ఇక్కడే ఓడలు కట్టేవారు. ఇండియాలో అప్పులు ఎగ్గొట్టినవాళ్ళు ఎందరో ఈ ఊళ్ళో తలదాచుకున్నారని కూడా సైమ్స్ రాశాడు.

మనవాళ్ళకు ఈ తీరం కొత్త కాదు. అంతకు రెండు వందల ఏళ్ళ ముందునుంచే మచిలీపట్నం ఓడలు చిరివేరు ఎరుపు పట్టించిన నూలు, అద్దకం బట్టలు పెగూకు మోసుకెళ్ళి, తగరం, లక్క, కెంపులు, మర్తబాన్ జాడీలు తెచ్చేవి. గోదావరి ముఖాన కోరంగిలో ఓడలు కట్టేవాళ్ళకూ మరమ్మతు చేసేవాళ్ళకూ బర్మా టేకు కావాలి. ఆ రాకపోకలు ఎంత బలమైనవంటే, తెలుగు తీరం నుంచి వచ్చిన ఎవరికైనా ఆ దేశంలో కోరంగీలన్న పేరే స్థిరపడింది. శ్రీకాకుళం మనిషైనా కోరంగీయే.

ఇలా వచ్చిన పరదేశులు ఊరి పేరును ఎలా విన్నారు? ఇవాళ ఆ ఊరి మనిషి పలికితే మనకు దాదాపు ‘యాంగోఁ’ అని వినిపిస్తుంది. చివరి అక్షరంలో నకారం స్పష్టంగా ఉండదు, ముక్కులోకి జారిపోతుంది. మన అరసున్న సరిగ్గా దానికి పనికొచ్చే గుర్తు. కానీ రాత చూడండి. బర్మా లిపిలో ఆ పేరు మొదటి అక్షరం రకారం. రెండో మాట కకారంతో మొదలవుతుంది. రాసింది రన్-కున్. పలికేది యాంగోఁ.

కకారం గకారమవడం మనకు వింత కాదు. ద్రుతం మీద పరుషం సరళమవుతుందని, పూచెఁ గలువలు అని, బడిలో నేర్చుకున్నదే. అనునాసికం పక్కన కకారం మెత్తబడడం ఆ భాషకూ సహజం. రకారం సంగతి వేరు. పాత బర్మీయంలో అది నిజంగా రకారమే. కాలక్రమాన అవా ప్రాంతపు పలుకుబడిలో యకారమైంది. రాత మారలేదు. పశ్చిమాన అరకాన్‌లో మాత్రం ఇప్పటికీ రకారాన్ని రకారంగానే పలుకుతారు. దేశం పేరే సాక్ష్యం. పాత శాసనాల్లో మ్రన్మా, నేటి నోట మ్యన్మా. మన ఐరావతి వాళ్ళ రాతలో రకారంతోనే ఉంటుంది, నోట ‘ఏయావడీ’ అవుతుంది. ఇంగ్లీషువాళ్ళు మొదట ఎరిగిన బర్మీయ పలుకు చిట్టగాంగు సరిహద్దు నుంచి, అరకాన్ దుబాసీల ద్వారా వచ్చిందని, అందుకే వాళ్ళు రంగూన్ అని రాసుకున్నారని చెబుతారు.

కాబట్టి రంగూన్ అన్నది తెల్లవాళ్ళు పాడుచేసిన పేరన్న వాదం నాకు సగమే ఒప్పుదల. 1989 జూన్‌లో సైనిక ప్రభుత్వం చట్టం చేసి రంగూన్‌ను యాంగోన్ చేసినప్పుడు వలస వాసన వదిలిస్తున్నామంది. నిజానికి మారింది ఉచ్చారణ ఒక్కటే, పేరు కాదు. రెండూ అలౌంగ్‌పయా పెట్టిన పేరే, ఒకే అక్షరాలే. ఒకటి రాతకు దగ్గర, ఇంకొకటి నేటి నోటికి దగ్గర. ఆ ఊరివాళ్ళు తమ ఊరిని ఎలా పలుకుతారో అలా పలకడం మర్యాద గనక నేటి నగరాన్ని యాంగోన్ అనే రాస్తాను. ఇంగ్లీషు రాతను చూసి యాంగన్ అని చదవడం మాత్రం అటూ ఇటూ కాని పలుకు. ఇక ఈ రెండు పేర్ల తగవులో ఎవరూ ప్రస్తావించని మూడో పక్షం మోన్లు. వాళ్ళ దగోన్ స్తూపం పేరులోనూ, నగరంలోని కొన్ని పేటల పేర్లలోనూ మాత్రమే మిగిలింది.

మోన్లను బర్మీయులు తలైంగ్ అని పిలిచేవారు. అది తెలింగ శబ్దం నుంచి వచ్చిందని, ఒకప్పుడు తెలుగుతీరం నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళ వల్ల ఏర్పడిందని కొందరు పండితులన్నారు, మరికొందరు కాదన్నారు. ఆ వ్యుత్పత్తి మనకు ముచ్చటగా ఉంటుంది. కానీ మోన్లు ఆ మాటను అవమానంగా భావిస్తారు. మన గొప్ప కోసం దాన్ని పట్టుకు వేలాడడం న్యాయం కాదు.

మన ‘రంగం’ ఎలా వచ్చిందో చెప్పడం తేలిక. ఓడ దిగిన కూలీ విన్న రంగూన్, తెలుగు నోట నపుంసక నామం లాగా సున్నాతో ముగిసి రంగమయింది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో ‘రంగం పోయాడు’ అంటే ఇల్లు విడిచి, సముద్రం దాటి, డబ్బు కోసం వెళ్ళాడని. ఎప్పుడొస్తాడో తెలియదని కూడా. 1931 జనగణన నాటికి ఆ ఊళ్ళోని సుమారు 4 లక్షల మందిలో సగానికి పైగా మన దేశంవాళ్ళే. వాళ్ళలో ఓడరేవు కూలీలు, బియ్యపు మిల్లుల కూలీలు, రిక్షా లాగేవాళ్ళు చాలావరకు తెలుగువాళ్ళు. ఆ కథ ఇంకా ముందుంది.

దానికి ముందు ఊరు చేతులు మారాలి. అలౌంగ్‌పయా ఇంకో కొడుకు బొదాపయా 1784–85లో అరకాన్‌ను జయించడంతో బర్మా సరిహద్దు కంపెనీ బంగాళాన్ని తాకింది. అరకాన్ నుంచి పారిపోయినవాళ్ళు చిట్టగాంగులో చేరి దాడులు చేయడం, వాళ్ళను అప్పగించమని అవా అడగడం, కలకత్తా నానబెట్టడం నలభై ఏళ్ళు సాగింది. యుద్ధం సరిహద్దులో మొదలవుతుందని, కొండల్లోనే జరుగుతుందని అవా కొలువు లెక్క వేసుకుంది. కంపెనీ సముద్రం మీదుగా వచ్చింది. 1824 మే 11న కలకత్తా, మద్రాసు ఓడలు రేవులో బారులు తీరాయి. దిగిన సిపాయిలకు ఊళ్ళో మనుషులు లేరు, ధాన్యం లేదు, పశువులు లేవు. అధికారులు అందరినీ అడవులకు తరలించేశారు. మర్నాటినుంచో ఆ పై వారంనుంచో వానాకాలం. ష్వేడగోన్ గుట్ట మీద ఫిరంగులు పెట్టుకుని, తడిసిన బియ్యం తిని జబ్బుపడ్డ ఆ సైన్యం, దాన్ని సముద్రంలోకి నెట్టడానికి అరకాన్ నుంచి అడవిదారిన బయల్దేరిన మహాబందూలా. ఆ ఇద్దరి కథ వచ్చే భాగంలో.